చేప లేని కథ

స్వీడన్‌లోని సుండ్స్వాల్ ఊరి సరుకుల గిడ్డంగిలో ఎవర్ట్‌ను మించిన కోతలరాయుడు ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోయి ఉంటాడు. కాఫీ బల్ల దగ్గర అతను ఒక్కో యాలకుల బన్ను తిన్నప్పుడల్లా, తను పట్టానన్న చేప మూరెడు పెరిగేది. ఒకసారైతే గడ్డకట్టిన సరస్సులో కన్నం తవ్వి గాలం వేస్తే, మంచు మీద తను వేసుకున్న గుడిసెను చేపే కిందికి లాక్కుపోయిందన్నాడు. ఎవరూ నమ్మేవారు కాదు. ఎవరూ లేచి వెళ్లేవారూ కాదు.

తర్వాత హెడ్‌సెట్లు వచ్చాయి. పని మొదలైనప్పటి నుంచీ చెవిలో ఒక యంత్రపు ఆడగొంతు: ఫలానా అర, ఇన్ని పెట్టెలు. తీసుకుని "తీశా" అంటేనే తర్వాతి అర చెబుతుంది. ఇంకేమన్నా దానికి అర్థం కాదు. విరామాలు కూడా తలా ఒక వేళకు పంచేశారు. కాఫీ బల్ల బోసిపోయింది. ఒకరినొకరు దాటుకుంటూ, బండ్లు తోసుకుంటూ, మనుషులు గాలితో "తీశా, తీశా" అనుకుంటూ పోయేవారు.

చలి ముదిరేసరికి ఎవర్ట్‌కు ఆ గొంతు ఇంట్లోనూ వినబడసాగింది. బంగాళాదుంపల గిన్నె ఇటివ్వమని భార్య మాయ్‌కెన్ అడిగితే "తీశా" అన్నాడు. ఆమె నవ్వింది. మర్నాడూ అదే మాట అంటే నవ్వలేదు. పోనీ చేప కథ చెబుదామని నోరు తెరిస్తే చేప రాలేదు. తన బుర్ర చెడిపోతోందన్న భయం మాత్రం వచ్చి కూర్చుంది.

డిసెంబరులో వచ్చే లూసియా దీపాల పండుగ నాడు అందరికీ కలిపి కాఫీ, కుంకుమపువ్వు బన్నులు పెట్టారు.

"ఏమయ్యా, గొంతులో ముల్లు ఇరుక్కుందా? ఒకటి వదులు," అన్నాడు లారీ నడిపే స్టూరె.

"ఆ గొంతు ఇంటికొస్తోంది," అన్నాడు ఎవర్ట్. "సోఫాలో కూచున్నా అరల నంబర్లు చెప్తోంది. నేను జవాబిస్తున్నా."

బల్లంతా పగలబడి నవ్వింది.

"ఇంట్లో ఇంకో ఆడగొంతా? మాయ్‌కెన్ ఊరుకుందా మరి?"

ఎవర్ట్ కూడా నవ్వి, కప్పు వదిలేసి బయటికి నడిచాడు. జన్మలో ఒక్క నిజం చెబితే దానికీ నవ్వులే.

వెనకే గున్వోర్ వచ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది, కార్మికులు ఎన్నుకున్న భద్రతా ప్రతినిధి కూడా ఆమే.

"నీ కథ పెరగలేదేం?"

"ఏం పెరగాలి?"

"వాళ్లు నవ్వగానే ఆ గొంతుకి మీసాలైనా పెట్టాలిగా నువ్వు. పెట్టలేదు. నిజమే కదూ?"

ఎవర్ట్ తలుపు పట్టుకున్నాడు. "నిజమే. నాకు పిచ్చెక్కుతోందా, గున్వోర్?"

"అది డాక్టరు చెప్తుంది. నేనూ తోడొస్తా. కానీ నాక్కూడా వినబడుతోందయ్యా, స్నానం చేస్తుంటే. చెప్పే దమ్ము లేక ఊరుకున్నా."

మనిషికి ముప్పని తోస్తే పని ఆపించే హక్కు ఆమె పదవికి ఉంది. మర్నాడు ఆపించింది.

"ఎవరైనా కింద పడ్డారా?" అన్నాడు మేనేజరు.

"పడేదాకా ఆగాలా?" అంది.

తనిఖీవాళ్లు వచ్చారు, వాదులాటలయ్యాయి. హెడ్‌సెట్లు పూర్తిగా పోలేదు గానీ సగం పూటకు తగ్గాయి. కాఫీ మాత్రం మళ్లీ అందరికీ ఒకే వేళకు వచ్చింది.

డాక్టరు ఇచ్చిన సెలవు ముగించుకుని ఎవర్ట్ ఆ బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మొన్న ఒకటి పట్టా," అని చిటికెన వేలు చూపించాడు.

"ఇంతేనా?" అన్నాడు స్టూరె.

"ఆ బన్ను ఇటు తోయి, చెప్తా."