పంచిపెట్టిన డౌట్లు

నా మొహం చూసి ఏమైందని అడగకుండ్రి, నేనే చెప్తున్న. మొన్న శనివారం మా ఏడో తరగతి పిల్లల ముంగట నా ఇజ్జత్ మొత్తం పోయింది. పోయిందంటే మామూలుగ కాదు! చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వొద్దని మాత్రం చెప్పను, చెప్పినా మీరు ఆగరు.

మీకు తెల్సు గద, మాకొక శనివారం గ్రూపున్నదని. ముగ్గురమే. అశోక్‌నగర్‌ల సులోచన మేడం ఉన్నది, తెలుగు చెప్తది, మా ఇద్దరికన్న పెద్దామె. దోమలగూడ దిక్కు ఒక స్కూల్ల లెక్కలు చెప్పే రహమత్ సార్. ఇగ నారాయణగూడల సైన్సు చెప్పే నేను. ఒకరి క్లాసుకు ఇంకొకరం పోతం, ఎన్క బెంచిల కూసుంటం. మార్కులుండయి, ఇన్‌స్పెక్షన్ కాదు. అయిపోయినంక సులోచన మేడం ఇంట్ల కూసోని ఏం చూసినమో మాట్లాడుకుంటం. మేము పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: పిల్లలు మనల్ని ఎందుకు అడగరు? డౌట్లుంటే అడగుండ్రి అని రోజు అంటం గద, మరి ఒక్కడు గూడ ఎందుకు లెవ్వడు?

పోయిన నెల రహమత్ సార్ క్లాసు చూసినం. పీరియడంత ఒక్క పిల్లగాడు నోరు తెర్వలే. ఆయన అదేం దాచుకోలే. మేడం ఇంట్ల కూసోని నెమ్మదిగ అన్నడు, “నేనంటే భయం మేడం వాళ్ళకు. ఇంట్ల మా బిడ్డ గూడ లెక్కలు వాళ్ళమ్మనే అడుగుతది.” మంచోళ్ళయితే అప్పుడేం చేస్తరు? సప్పుడు చేయకుండ వింటరు. నా నోటికేమో దురద!

“మా పిల్లలైతే ఆగనే ఆగరు సార్! ప్రశ్న మీద ప్రశ్న! నేనే కూసోండ్రయ్యా అని బతిలాడుకోవాలె” అన్న.

అన్నంక గూడ ఊకోలే. పిల్లలతోని ఫ్రీగ ఉండాలె సార్, నవ్వుకుంట చెప్పాలె సార్ అని ఆయనకు క్లాసు పీకిన. ఆయన పాపం తల ఊపుకుంట అంత విన్నడు. “అయితే ఈసారి మీ క్లాసే చూద్దాం మేడం. నేను సెలవు పెట్టి వస్త, నేర్చుకుంట” అన్నడు. సులోచన మేడం నా దిక్కు చూసి చిన్నగ నవ్వింది. ఆ నవ్వు అర్థం నాకు అప్పుడే తెల్వాల్సింది.

ఆ ఎన్క సోమవారం క్లాసుకు పోయి పాఠం చెప్పి, “ఏమన్న డౌట్లున్నయా?” అని అడిగిన. మీరు నమ్మరు, ఇన్నేండ్ల సర్వీసుల మొదటిసారి జవాబు కోసం నిజంగ ఆగి చూసిన. రోజు అడుగుత గాని, అడుగుకుంటనే డస్టర్ పట్టుకుంట. ఆ రోజు ఆగిన. ఫ్యాన్ సప్పుడు తప్ప ఇంకో సప్పుడు లేదు. అందరు నా మొహమే చూస్తున్నరు, ఈమె ఎప్పుడు పోతదా అని. అరే, మా పిల్లలు గూడ అడగరు! నేనెన్నడు చూసుకోలే అంతే!

అప్పుడన్న ఫోన్ చేసి “సార్, గొప్పలకు పోయిన, నా క్లాసు గూడ మీ లెక్కనే ఉన్నది” అంటే అయిపోయేది. ఎట్లంట? గంత లెక్చరిచ్చినంక?

ఇగ ఏం చేసిన్నో చెప్పాల్నంటే సిగ్గయితున్నది. జర మంచిగ మాట్లాడేటి పిల్లల్ని స్టాఫ్ రూం బయటికి పిల్చి తలా ఒక డౌటు ఇచ్చిన. అవు, ఇచ్చిన! ప్రసాదం పంచినట్టు! శ్రీధర్‌కు వాన నీళ్ళు ఎందుకు ఉప్పగ ఉండయి అనే డౌటు. కవితకు తడి బట్టలు నీడల గూడ ఎట్ల ఆరతయి అని. అన్నిట్ల పెద్ద డౌటు మా లక్ష్మణ్‌కు. క్లాసుల స్టీల్ గ్లాసుల ఐసు ముక్కలేస్త, బయట నీటి చుక్కలు పడతయి, అప్పుడు వాడు లేచి, “టీచర్, గ్లాసు బయట నీళ్ళెక్కడివి?” అనాలె. దాని మీదనే పాఠమంత తిరుగుతది. వాని గొంతు పెద్దది, ఎన్క బెంచికి గూడ వినపడతది, అందుకే వానికిచ్చిన.

రాత్రి అన్నం తినుకుంట మా ఆయనకు చెప్తే, “వార్షికోత్సవమా?” అన్నడు.

“పాఠం” అన్న.

“మరి రిహార్సల్ ఎందుకు?” అన్నడు. పప్పు గిన్నె ఆయన ముంగట నుంచి తీసేసిన.

శనివారం వచ్చింది. చిక్కడపల్లిల జూస్ బండాయన దగ్గర ఐసు తీసుకున్న. పొద్దుగాలనే ఐసేందమ్మా అని ఆయన అడిగిండు, ఫ్లాస్కుల ఎయ్యుమన్న. మంచి చీర కట్టుకున్న. క్లాసుల సులోచన మేడం, రహమత్ సార్ ఎన్క బెంచిల కూసున్నరు. ఆయన జేబుల కొత్త పెన్ను, ముంగట తెల్ల కాయితాలు. నా క్లాసు చూసి నేర్చుకునేటందుకు కొత్త పెన్ను కొనుక్కున్నడు ఆ మనిషి! గాని ఇప్పుడేం చేస్త? బోర్డు మీద పాఠం పేరు రాస్తున్న.

ఇంకా రాస్తనే ఉన్న, ఎన్కకెల్లి ధన్‌మని లేచిండు శ్రీధర్.

“టీచర్! వాన నీళ్ళు ఎందుకు ఉప్పగ ఉండయి?”

పాఠం షురూనే కాలే! మర్చిపోతనని భయపడ్డడంట, ముందుగాల అప్పజెప్పేసిండు. నేను నవ్వుకుంట, “మంచి ప్రశ్న! దాని దగ్గరికే వస్తున్నం” అన్న. వాడు “హమ్మయ్య” అనుకుంట కూసున్నడు. క్లాసంతటికి వినపడ్డది ఆ హమ్మయ్య.

వాన్ని చూసి కవిత పరేషానైంది. నాది ఎన్కబడుతున్నదనుకున్నదో ఏమో, నేను నోరు తెర్వకముందే లేచి, చేతులు కట్టుకోని, పద్యం లెక్క ఒక్క ఊపుల, “టీచర్ తడి బట్టలు నీడల గూడ ఎట్ల ఆరతయి టీచర్ నాకు డౌటు” అన్నది. ఎన్క బెంచిల రహమత్ సార్ మాత్రం శ్రద్ధగ రాసుకుంటున్నడు. రాయకు సార్, దండం పెడత, రాయకు అని లోపల మొక్కుతున్న.

సరే, పాఠం ఎట్లనో గట్టు మీదికి తెచ్చిన. గ్లాసుల ఐసేసిన. అందరు ముంగటికి వంగిన్రు. చుక్కలు పడ్డయి, మంచిగ పడ్డయి, ఒకటి జారి బల్ల మీదికి గూడ వచ్చింది. ఇగ లక్ష్మణ్ లేవాలె.

లెవ్వలే.

“చూడుండ్రి, గ్లాసు బయట ఏమున్నది?” అన్న.

“నీళ్ళు టీచర్!” అందరన్నరు.

“మరి... ఎవరికన్న ఏమన్న అనిపిస్తున్నదా?”

నేను కండ్లెగరేస్తున్న, దగ్గుతున్న, గ్లాసు పైకెత్తి చూపిస్తున్న. లక్ష్మణ్ బెంచి దిక్కు చూద్దునా, వాని జాగ ఖాళీ! మంచి చీర, ఐసు ఫ్లాస్కు హడావిడిల హాజరు గూడ సరిగ పిలవలే నేను.

అప్పుడు కిటికీ పక్కకెల్లి సునీత లేచింది. సునీతకు నేను డౌటు ఇయ్యలే. ఆ పిల్ల ఎన్నడు మాట్లాడదు, ఏం మాట్లాడుతదిలే అనుకున్న. ఎంతో వినయంగ, నాకు సాయం చేద్దామని, అన్నది:

“టీచర్, లక్ష్మణ్‌కు జరమొచ్చింది, రాలే. వాని డౌటు నేనడగాల్నా?”

రహమత్ సార్ పెన్ను ఆగిపోయింది. సులోచన మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మూడో బెంచికెల్లి ఇంకొకడు, “మాకెందుకియ్యలే టీచర్ డౌట్లు?” అని అలిగిండు. శ్రీధరేమో, “నాదైపోయింది టీచర్!” అని గర్వంగ చెప్తున్నడు. భూమి నోరు తెరిస్తే గ్లాసు, ఫ్లాస్కు, చీరతోని సహా అండ్ల పోదును.

ఇంతల సునీత ఇంకా నిలబడే ఉన్నది. మెల్లగ అడిగింది, “టీచర్, మాకు మాకే డౌటొస్తే గూడ అడగొచ్చా?”

“కూసో!” అని అరిచిన.

అవు. అరిచిన. ఆ పిల్ల టక్కున కూసోని తల వంచుకున్నది. బెల్లు కొట్టిందాకా తల ఎత్తలే.

స్కూలైపోయినంక తలనొప్పని ఇంటికి పారిపోదామనుకున్న. సులోచన మేడం నా చెయ్యి పట్టుకోని నడువు అన్నది. నారాయణగూడకెల్లి అశోక్‌నగర్ దాకా ముగ్గురం నడిచినం, ఒక్కరు గూడ క్లాసు ముచ్చట తీయలే. ఎండ గురించి మాట్లాడిన్రు! ఫ్లాస్కుల మిగిలిన ఐసు గలగల అంటనే ఉన్నది. తిట్టినా మంచిగుండేది. మేడం కింది గదులు గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లలకు కిరాయికిచ్చింది. మేం మెట్లెక్కుతుంటే ఒకడు ప్రశ్న గట్టిగ చదివి, జవాబు గూడ వాడే గట్టిగ చదువుతున్నడు. అరే, ఇదే గద నేను చేసింది అనిపించింది నాకు.

మా గ్రూపుల ముందు క్లాసు చెప్పినోళ్ళే మాట్లాడాలె. “సార్, అబద్ధమాడిన. డౌట్లు నేనే పంచిన. మీ ముంగట గొప్పలకు పోయిన” అని అంత కక్కేసిన. కండ్లల్ల నీళ్ళొచ్చినయి, నిజంగ.

రహమత్ సార్ కొత్త పెన్ను జేబుల పెట్టుకున్నడు. “అరే మేడం, నా క్లాసుల ప్రశ్నలు సున్నా. మీ క్లాసుల ఒకటొచ్చింది. నాకన్న నయమే గద!” అన్నడు.

“ఏదొచ్చింది సార్? అన్ని నేనిచ్చినయే!”

“ఆ పిల్ల అడిగింది గద. మాకు మాకే డౌటొస్తే అడగొచ్చా అని. అది మీరిచ్చింది కాదు గద?”

సులోచన మేడం చాయ్ కప్పు నా ముంగట పెట్టి మెల్లగ అన్నది, “మరి దానికి నువ్వేం జవాబు చెప్పినవు ఉమా?”

కూసో అని చెప్పిన. పిల్లలు ఎందుకు అడగరు అని ఇన్ని శనివారాలు ఎతికినం, జవాబు నా నోట్లనే ఉన్నది. డౌట్లు పంచినదానికి సిగ్గుపడ్డ గాని, ఈ కూసోకు సిగ్గుపడ్డంత పడలే. ఆదివారమంత ఆ పిల్ల వంచుకున్న తలనే యాదికొచ్చింది. ఇప్పుడు మూసుకున్న నోరు మళ్ళ తెరుస్తదా? తెర్వకపోతే ఆ పాపం నాదే గద?

నిన్న సోమవారం. క్లాసుకు పోంగనే పుస్తకం తీయలే. “సునీతా, శనివారం నువ్వొకటి అడిగినవు. నేను జవాబు చెప్పకుండ అరిచిన. తప్పు నాది. నీకు నీకే డౌటొస్తే గూడ అడగొచ్చు. అట్లొచ్చిందే అసలు డౌటు. అడుగు బిడ్డా” అన్న.

సునీత లేచింది. కింద చూసింది. “ఏం లేదు టీచర్” అన్నది. కూసున్నది.

గంతే. ఎంత బతిలాడినా గంతే. నా పానం ఉసూరుమన్నది. సరే, నా కర్మ అనుకోని, ఆశ లేకుండనే క్లాసు దిక్కు తిరిగి, “ఎవరికన్న ఏమన్న డౌట్లున్నయా?” అన్న.

ధన్‌మని లేచిండు లక్ష్మణ్. జరం తగ్గి వచ్చిండు, మెడకు మఫ్లర్. ఛాతి ముంగటికి పెట్టి, గోడలు అదిరేటట్టు అన్నడు:

“టీచర్! గ్లాసు బయట నీళ్ళెక్కడివి?”

బల్ల మీద గ్లాసు లేదు. ఐసు లేదు. ఫ్లాస్కు మా ఇంట్ల బోర్లేసి ఉన్నది. అంత జరంల గూడ వాడు నా డౌటును భద్రంగ దాచుకోని తెచ్చి అప్పజెప్పిండు! నేను తల పట్టుకున్న. క్లాసంత గొల్లుమన్నది.

ఆ నవ్వులల్ల ఎవరో నవ్వు ఆపుకోలేక లేచి నిలబడ్డరు. చూద్దునా, సునీత! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని నన్నే అడిగింది:

“టీచర్, గ్లాసే లేదు గద! మరి వానికి డౌటెట్లొచ్చింది?”

చేతుల డస్టరున్నది, కింద పెట్టిన. ఈసారి కూసో అనలే.

“నేనే ఇచ్చిన బిడ్డా” అన్న.

ఇన్నేండ్ల సర్వీసుల గింత కరెక్టు జవాబు ఎన్నడు చెప్పలే నేను!