నాలుగో జ్వరం

టమాటా రేటు పడిపోతే మా వైపు రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోసి, తువ్వాలు దులుపుకుని ఇంటికి పోయే రోజులవి. ఇప్పుడూ పారబోస్తారనుకోండి. కానీ అప్పట్లో అది చూసి కడుపు మండి, దేశాన్ని బాగుచేద్దామని బయల్దేరిన డిగ్రీ కుర్రోడొకడు ఉండేవాడు. అది నేనే. (ఆనాటి ఫోటో ఉంది గానీ చూపించను.) హిందూపురంలో చదువైపోయాక, పేపర్లో శీతల గిడ్డంగుల మీద వచ్చిన వ్యాసమొకటి చదివాను. అంతే, పారబోసే కాయల్ని కొని, చల్లగా దాచి, బెంగళూరు హోటళ్ళకు అమ్మాలని పూనకం పట్టింది. మా నాయనకు ఇదంతా పనిలేని పనిగా కనిపించింది. ఆయన మనసంతా బీఎడ్ మీదే. చివరికి ఒక మాట మీదకొచ్చాం. "ఈ ఒక్క పంట కాయలు అమ్మి చూపీ. అమ్మలేకపోతివా, నోరు మూసుకోని బీఎడ్‌కు పోవల్ల" అన్నాడు. నేను మీసం మీద చెయ్యేసి సరేనన్నాను. (మీసం ఇంకా పూర్తిగా రాలేదు.)

కొత్తచెరువు పక్క పల్లెలో మా మేనత్తకు పట్టుపురుగులు మేపే షెడ్డుండేది. రెండు గదులు, మధ్యలో గోడ. ఒక గదిలో పురుగులు, రెండోది ఖాళీ. ఆ ఖాళీ గది కిటికీలకు గోనెపట్టాలు కట్టి నీళ్ళు చల్లితే మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. అందులో టమాటాలు నింపి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ 'మా కోల్డ్ స్టోరేజీ' అని చెప్పుకు తిరిగాను. ఎస్టీడీ బూతు నుంచి బతిమాలగా బతిమాలగా, హోటళ్ళకు కూరగాయలు వేసే బెంగళూరాయన ఒకడు వ్యాను తీసుకునే వస్తానన్నాడు.

ముందురోజు అత్తకు గట్టిగా పాఠం చెప్పాను. తిండి సరుకు కొనే పట్నం మనిషి, గోడ అవతల పురుగులున్నాయంటే నిలబడతాడా? కాబట్టి ఆయన ముందు పురుగు అన్న మాటే రాకూడదన్నాను. అవి తనకు పిల్లోళ్ళతో సమానమనీ, పిల్లోళ్ళనే అంటాననీ అత్త హామీ ఇచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. గూడు కట్టేలోపల పట్టుపురుగు నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడుండి, చర్మం విడిచి లేస్తుంది. దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్నప్పుడు బయటివాళ్ళను గదిలోకి రానివ్వరు.

బెంగళూరాయన సఫారీ సూటులో దిగాడు. కాయలు చూశాడు, ఒకటి కొరికాడు, "చెన్నాగిదె" అన్నాడు. బాగుందని మెచ్చుకునేసరికి నాకు భూమ్మీద కాళ్ళు ఆనలేదు. సరుకంతా ఎత్తుకుంటాననీ, ముందుముందు ఇంకా కావాలనీ చెప్పి, పక్క గది కూడా చూద్దామని తలుపు మీద చెయ్యి వేశాడు. అత్త అడ్డం నిలబడింది.

"ఆడికి వద్దు సార్. పిల్లోళ్ళంతా జ్వరంలో ఉండారు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎంతమందికమ్మా?"

"అందరికీ సార్. నిన్నట్నుంచి ఒక్కరూ తిండి ముట్టల్యా. ఇది నాలుగో జ్వరం. ఇది దాటితే ఇంక గూటికి పోయేదే."

సఫారీ సారు కొరికిన టమాటాను మెల్లగా గట్టు మీద పెట్టి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరుకు చూపించారా అని అడిగాడు. డాక్టరెందుకు, తలుపేసి పెడితే చాలని అత్త ఎంతో నిబ్బరంగా చెప్పింది. నిజం చెబితే పురుగులు, చెప్పకపోతే అంటురోగం. ఆయన వ్యాను వైపు నడుస్తుంటే ఉండబట్టలేక వెంటపడి, "సార్, జ్వరం మనుషులకు కాదు, పురుగులకు" అనేశాను. అప్పటిదాకా నడుస్తున్న మనిషి పరుగెత్తాడు.

సిగ్గు విడిచి చెబుతున్నా, నాకు ఏడుపొచ్చింది. గది నిండా పండిపోతున్న కాయలు, కళ్ళ ముందు బీఎడ్. అత్త పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"పురుగు అనే మాట నేను అన్లేదు అల్లుడా. నువ్వే అంటివి."

పురుగులు జ్వరం లేచి గూళ్ళకు ఎక్కడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. అందుకోసం దాచిన వెదురు తట్టలు, అదే చంద్రికలు, ఖాళీగానే ఉన్నాయి. అత్త ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి కాయలన్నీ కోయించి, ఉప్పేసి, చంద్రికల మీద ఎండబెట్టించి, ఊరగాయ పెట్టింది. జాడీలు బస్సులో ధర్మవరం మగ్గాల వీధికి తీసుకుపోయింది. ఆలుమగలిద్దరూ పొద్దస్తమానం మగ్గం పనిలో ఉండే ఇళ్ళలో కూర చేసుకునే తీరిక యాడుంటుంది? జాడీలన్నీ ఖాళీ చేసుకుని, మళ్ళీ ఎప్పుడు తెస్తావని అడిగించుకుని వచ్చింది. ఆ వేసవిలో ఆ ఊరి కాయ ఒక్కటి కూడా రోడ్డున పడలేదు.

నేను ఛాతీ విరుచుకుని మా నాయన దగ్గరికి పోయాను. ఆయన అదే ఊరగాయతో సంగటి తింటూ కథంతా విన్నాడు. ఇంకో ముద్ద కూడా పెట్టించుకున్నాడు.

"బో బాగుండాదిరా. అయితే అమ్మింది మీ అత్త గదా? నువ్వు బీఎడ్‌కు పో."

అలా నేను లెక్కల మాస్టరునయ్యాను. అత్త మాత్రం ఏటా టమాటాలు కొంటూనే వచ్చింది. మా ఎనిమిదో తరగతి పుస్తకంలో లాభనష్టాల లెక్కొకటి ఉంది. ఒక వ్యాపారి పండ్లు కొంటాడు, కొన్ని కుళ్ళిపోతాయి, నష్టమెంత అని అడుగుతుంది. బోర్డు మీద రాసేటప్పుడు నేను ఆ కుళ్ళిన పండ్లను ప్రతి ఏడూ తీసేస్తాను. వాడికి లాభమే వస్తుంది. పాపం, కుర్రోడు, వాడన్నా బీఎడ్ తప్పించుకోవాలి కదా.