దేముడమ్మ నూనె రాసిన చక్రాలు

బర్మాలో పజుండౌంగ్ కాలువ ఒడ్డున కూలీల లైన్లలో ఏ ఇంట పురుడు వచ్చినా దేముడమ్మే బిడ్డకు నీళ్లు పోసేది. కాళ్లు చాపుకు కూర్చుని, పసిబిడ్డను పిక్కల మీద బోర్లా వేసుకుని, నువ్వుల నూనె అరచేతుల్లో వేడెక్కేదాకా రుద్ది ఒళ్లంతా పట్టించేది. తన కడుపున పుట్టిన ఇద్దరూ భీమిలి నుంచి ఓడెక్కి వచ్చిన ఏడే మశూచికి పోయారు. మొగుడు బియ్యం మిల్లు బెల్టులో చిక్కుకుని పోయాడు. ఆమెకు మిగిలింది ఆ రెండు చేతులూ, గోడ మీద అమ్మవారి పటమూ, ఒక దొరగారి కార్ల షెడ్డులో ఊడ్చే పనీ.

ఆ దొరకు వేగం పిచ్చి. యుద్ధం ముగిశాక అమ్మేసిన విమానం ఇంజనొకటి తెప్పించి పాత లారీ చట్రం మీద బిగించాడు. పన్నెండు సిలిండర్లు. దాని బలమంతా రెండు గొలుసుల మీదుగా వెనక చక్రాలకు పోతుంది. ఊరికి ఉత్తరాన తిన్నటి రోడ్డు మీద గంటకు వంద మైళ్లు దాటించాలని పంతం. నడపవలసినవాడు కో టున్ హ్లా అనే బర్మా డ్రైవరు. ఆ ఏడు వానల్లో దేముడమ్మ జ్వరంతో పడి ఉంటే, ఎవరికీ చెప్పకుండా షెడ్డు తానే ఊడ్చి, మూడు పూటలా గంజి తెచ్చి పెట్టినవాడు. ఆమెను "అడో" అనేవాడు. వాళ్ల భాషలో పిన్నీ అన్నట్టు.

టైర్ల పని కన్నారావుది. ఆమెకు వరసకు మేనల్లుడు. దొరల సీమ నుంచి ఓడలో వచ్చిన నాలుగు కొత్త టైర్ల మీది గళ్ల రబ్బరును అతను తడి కత్తితో చెక్కేస్తుంటే ఆమె చీపురు ఆపింది.

"కొత్తవాటిని పాడు సేస్తన్నావేటిరా?"

"పాడు కాదత్తా. ఆ జోరులో పై బరువు సీలుకుని ఎగిరిపోద్ది. పల్సగుంటేనే నిలబడతాది. నీ అంత బరువుంటే మైలైనా ఎల్లదు."

"నీ పెళ్లానికి పురుడు పోసినప్పుడు ఈ బరువే పనికొచ్చింది కాదేటి?"

అతను నవ్వి చక్రాన్ని ఇరుసుకు తగిలించి చేత్తో తిప్పాడు. ఆగినప్పుడల్లా ఒకే వైపు కిందికి వస్తే అటు బరువెక్కువని అర్థం. ఎదుటి వైపు సీసం ముక్క బిగించి మళ్లీ తిప్పుతాడు.

చెక్కిన టైర్లను తడిమితే ఆమెకు పొక్కులు రాలిన పసివాడి ఒళ్లు తడిమినట్టే ఉంది. దసరా తొమ్మిది రోజులూ, పొద్దు వాలి పనివాళ్లు ఇళ్లకు పోయాక, నూనె వేడి చేసి నాలుగింటికీ పట్టించింది. ఆ డ్రైవరు పిల్లాణ్ణి మోసేవి ఇవే కదా తల్లీ, అని దండం పెట్టుకుంది. మరకలు కనిపించకుండా తుడిచి పైన గోనెలు కప్పింది.

కార్తీకంలో రోడ్డు ఆరింది. పరుగు రోజు పొద్దున్నే ఆమె టీ కెటిలు పట్టుకుని అందరితో పాటు అక్కడికి వెళ్లింది. మెకానిక్కు లింగరాజు జిడ్డు చేతిని టైరుకు ఆనించాడు.

"సెయ్యి తియ్యరా," అన్నాడు కన్నారావు. "నూనె తాగితే రబ్బరు ఉబ్బి కుళ్లిపోద్ది."

దేముడమ్మ కెటిలు కింద పెట్టింది. "ఎంత నూనెకి?"

"సుక్క సాలు, నిలవుంటే. ఏటత్తా, అలాగైపోనావు?"

ఆమె చెప్పింది. కన్నారావు లింగరాజును అవతలికి పంపేశాడు. "నిన్న బిగిస్తంటే మెత్తగా తగిలింది. వానల సెమ్మ అనుకున్నాను." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నోరెత్తకు. వేరే టైర్లు నేవు. దొరకి తెలిస్తే నువ్వూ నేనూ మనోలందరూ రోడ్డు మీదే."

ఆమె అతన్ని దాటుకుని బండి దగ్గరికి నడిచింది. కో టున్ హ్లా అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. వచ్చీరాని బర్మా మాటల్లో చెప్పింది, తొమ్మిది రోజులు నూనె రాశాననీ, దిగిపొమ్మనీ.

"నాకూ రాయాల్సింది, అడో. గాలికి దొరక్కుండా జారిపోయేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. అతను దిగి వెనక టైరు మీద బొటనవేలి గోరు నొక్కాడు. గంటు పడి అలాగే నిలిచిపోయింది.

ఆమె పేరు ఎత్తకుండా దొరతో టైరు మెత్తబడిందనీ, ఈ పూట వద్దనీ అన్నాడు. కుర్చీలు వేయించి పిలిచిన దొరలూ దొరసానులూ ఎదురుగా ఉన్నారు. పిరికివాడా అన్నాడు దొర. కో టున్ హ్లా దుమ్ము పడకుండా పెట్టుకున్న కళ్లద్దాలు తీసి బానెట్టు మీద పెట్టాడు. దొర వాటిని తగిలించుకుని తానే నడపడానికి కదిలాడు.

దేముడమ్మ వెళ్లి కాళ్లు పట్టుకుంది. "నేనే బాబూ, నా సేతులే." దొరకు తెలుగు రాదు. కాస్త ఇంగ్లీషు వచ్చిన కన్నారావు నేల చూపులు చూస్తున్నాడు. ఎవరో ఆమెను రెక్క పట్టి పక్కకు లాగారు.

రెండో మైలులో వెనక టైరు పేలింది. బండి అడ్డం తిరిగి దొర్లుకుంటూ వరి చేలో పడింది. మర్నాడు మధ్యాహ్నం లోపే దొర ప్రాణం పోయింది.

విచారించినవాళ్లు వేగం మితిమీరిందని రాసుకున్నారు. షెడ్డు మూతబడింది. కనిపించిన వాళ్లందరికీ దేముడమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. నీ వల్ల కాదులే అమ్మా అని అందరూ ఓదార్చారు. అన్నం పెట్టి పంపారు. ఒక్కరూ నమ్మలేదు. కన్నారావు మాత్రం ఆమె కనిపిస్తే వీధి మారిపోయేవాడు.

తర్వాత ఆమె మిల్లులో ధాన్యం చెరిగే పనికి కుదిరింది. కో టున్ హ్లా బస్సు నడిపేవాడు. రోడ్డు వారన నడుస్తున్న ఆమె కనిపిస్తే చాలు, జనం సణుగుతున్నా బస్సు ఆపేవాడు.

"ఎక్కు, అడో. ఎండగా ఉంది."

ఆమె అతని మొహాన్ని కాసేపు తేరిపార చూసేది. పెళ్లయిందా, పిల్లలా అని అడిగేది. చక్రాలకు చెయ్యి తగలకుండా ఎడంగా నిలబడేది, ఎక్కేది కాదు. బస్సు కదిలాక, కొంగు నెత్తిన కప్పుకుని, మిల్లు దాకా నడిచే వెళ్లేది.