వార్పు దిగేదాకా ఆగమన్నాను

"నా బిడ్డ కంటే నీ పోగులు ఎక్కువైనాయా?" అని అడిగింది మా అక్క.

"ఆ పొద్దు ఎక్కువైనాయక్కా" అన్నాను.

అనంతపురంలో ఆసుపత్రి వరండాలో మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. ఆ తర్వాత మూడేళ్ళు బతికింది గానీ నాతో మాట్లాడలేదు.

ధర్మవరంలో ఇరవై ఏళ్ళు వార్పులు అతికాను. ఇది రెండువేల రెండు ప్రాంతంలో జరిగింది. వార్పంటే మగ్గం మీద నిలువుగా సాగే పట్టు పోగులు. పాత వార్పు అయిపోయేటప్పుడు దాని కొసలు మగ్గంలోనే ఉంచుతారు. కొత్త పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకొని మెలి తిప్పాలి. వేల పోగులు. ఇద్దరం కూర్చుంటే ఒక పగలు పడుతుంది. మగ్గమున్నవాళ్ళు పిలవాలి, మేము పోవాలి. మా పనికి అంతకు మించి హోదా లేదు. పైగా నేను మొగుడు పోయిన మనిషిని. కొత్త వార్పు దగ్గరికి నన్ను రానివ్వడానికే ఏడాది పట్టింది. నేను అతికిన వార్పు మీద నేత ఆగిపోతే "దాని చేయి మంచిది కాదు" అంటారు. ఆ మాట ఒక వీధిలో పుడితే ఊరంతా పిలుపులు ఆగిపోతాయి.

అక్కది బత్తలపల్లె దగ్గర పల్లె. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది, కూతురు పార్వతిని ధర్మవరంలో మగ్గం నేసేవాడికి ఇచ్చారు. నేను ఇల్లిల్లూ తిరిగేదాన్ని కాబట్టి కూతురి సంగతి నన్నే అడిగేవాళ్ళు.

ఒకరోజు పార్వతి ఇంట్లోనే వార్పు అతకాల్సి వచ్చింది. మొగుడు బయటికి పోయాడు. నాకు తోడుగా ఎదురుగా పార్వతే కూర్చుంది. చేయి చాచినప్పుడల్లా రవిక అంచు కింద కమిలిన చోటు కనిపించింది.

"యాడ తగిలిందే?" అన్నాను.

"తలుపు తగిలిందని చెప్పల్లా చిన్నమ్మా? పక్కింటోళ్ళకు అట్లే చెప్తాండా" అంది. ఇంకో పోగు మెలి తిప్పి, "ఈ పొద్దే నన్ను మా నాయన దగ్గరికి పిల్చకపో. నేనీడ ఉండలేను" అంది.

అప్పటికి సగానికి పైగా అతికాము.

"ఇప్పుడు లేస్తే రేపు నన్నెవురు పిలుస్తారు పాపా? ఈ వార్పు నేసి దిగనీ. మూడు చీరలే కదా. దిగినంక నేనే పిల్చకపోతా."

"ఆ మూడు చీరలు వాని పక్కన కూర్చోని నేసేది నేను. నువ్వు కాదు గదా" అంది. మళ్ళీ అడగలేదు. సాయంత్రానికి పని ముగించి ఇంటికి పోయాను.

ఆ వారంలోనే అక్క బస్టాండులో కనిపించి, "పాప ఎట్లుండాది?" అంది.

"బాగుండాది" అన్నాను. నిజం చెప్పి ఉంటే ఆ పూటే పోయి పిలుచుకొచ్చేది.

రెండో చీర మగ్గం మీద ఉండగా వాడు నాడెతో పార్వతి చెవి మీద కొట్టాడు. నాడె అంటే అడ్డపోగును నడిపే చెక్క. కొసలకు ఇనుప మొనలుంటాయి. ఆ ఎడమ చెవి ఇక వినపడలేదు. నాకు ముందే చెప్పుకున్న సంగతి ఆసుపత్రిలో తల్లికి చెప్పేసింది. అప్పుడే అక్క నన్ను ఆ మాట అడిగింది.

పార్వతి పుట్టింటికి వచ్చింది. దెబ్బ పార్వతితో ఆగలేదు. పార్వతి నాయన, మా బావ, నలుగురిలో కూర్చోవడం మానేసి, గొర్రెల వెంటే తిరిగాడు. వాళ్ళ కొడుక్కు సంబంధం మాట్లాడను వచ్చినవాళ్ళు, "ఏమప్పా, మీ బిడ్డ ఈడనే ఉండాదే?" అని, కాఫీ తాగి పోయి మళ్ళీ కబురు పెట్టలేదు. ఆ కొడుకు పార్వతి మొగుణ్ణి నరుకుతానని లేస్తుంటే, అక్క కొడవలిని బియ్యం డబ్బాలో దాచింది. గడ్డి కోయను నెలల తరబడి పక్కింటి కొడవలి అడిగేవాళ్ళు. ఇవన్నీ బావ ద్వారా విన్నాను.

తర్వాతి ఏళ్ళలో రెండిళ్ళలో ఆడపిల్లలు అదే మాట అడిగారు. సగం అతికిన వార్పు వదిలి లేచాను, వాళ్ళను బస్సెక్కించి తల్లులకు అప్పగించాను. ఆ రెండిళ్ళవాళ్ళు మళ్ళీ పిలవలేదు. మిగతావాళ్ళు పిలిచారు. నేను భయపడినంత ఏమీ జరగలేదు. ఆడపిల్ల అడిగిన పూటే లేవాలి, తల్లికి ఆ రోజే చెప్పాలి. నా పనిలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది అదే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది పార్వతే. పార్వతీ, మొదటినుంచి చదువు. నా తప్పును నేను తగ్గించి చెప్పిన చోట ఆపి, నాకు చెప్పు.