తాతగారి గుర్రం పేరు

మా ముత్తాత వెంకటాద్రి నాయుడుగారు పదకొండు గ్రామాల జమీందారు. ఆయన కొడుకైన మా తాతగారు గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవారు. 2006లో నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో పక్క సీటు ముసలాయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన కౌబాయ్ నవలలూ, పిల్లల కార్టూన్లకు స్క్రిప్టులూ రాశాడట. నవలల మీద మాత్రం ప్రచురణకర్తలు కల్పించిన పేరే ఉండేదట.

“మీ పేరు లేకపోతే చిన్నతనంగా ఉండదూ?” అన్నాను.

“గుర్రాలకు నేనే పేర్లు పెట్టేవాణ్ణిగా!” అని నవ్వి, నోట్‌బుక్ తెరిచాడు. “మీ తాతగారి గుర్రం పేరేంటి?”

మూడు తరాల బిరుదులు అప్పజెప్పగలను. గుర్రం పేరు తెలియదు. ఆయన నోట్‌బుక్ మూసేశాడు.

ఆ సాయంత్రమే మేనత్తకు ఫోన్ చేశాను.

“అదీ తెలీదట్రా? దాని పేరు చిట్టి!” అంది.

జమీందారీ పోయాక మా ఇంట్లో మొట్టమొదట అమ్మింది చిట్టినే.