మొక్కిన కోడె మెడ

హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో పురాణం చదివి అర్థం చెప్పేవాణ్ణి నేను. పెద్ద చదువు ఉండి కాదు, పెద్ద గొంతు ఉండి. నిజం కోసం ఆలినీ కొడుకునూ అమ్ముకున్న రాజు కథ చెబుతుంటే ముసలమ్మలు కొంగులతో కళ్లొత్తుకునేవారు. ఆ కన్నీళ్లు నా ఘనతే అనుకునేవాణ్ణి. ధర్మం నా నాలుక మీద బాగానే ఉండేది. అక్కడి నుంచి కిందికి దిగడానికే దానికి దారి దొరకలేదు.

ఆ ఎండాకాలం మా నాలుగేళ్ల బిడ్డకు జ్వరం పట్టుకుంది. హుజూరాబాద్ దవాఖానలో ఇచ్చిన మందు అయిపోయింది గానీ జ్వరం అయిపోలేదు. నా భార్య మా ఎర్ర కోడెను వేములవాడ రాజన్నకు మొక్కింది. పిల్ల లేచి తిరిగితే కోడెను తీసుకెళ్లి గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేసి రావాలి. అప్పటిదాకా దాని మెడ మీద కాడి పెట్టకూడదు. మొక్కిన రోజు నుంచే అది దేవుడిది, మేం గడ్డి వేసేవాళ్లం మాత్రమే.

జ్వరం తగ్గింది. "విత్తనాలు పడ్డంక పోదాం" అన్నాను. ఆమె సరేనని పిల్లతో పుట్టింటికి వెళ్లింది.

మృగశిర వాన పడిన మర్నాడే మా రెండెడ్లలో ఒకటి కూలబడి మళ్లీ లేవలేదు. ఊళ్లో ఎవరి ఎడ్లు వాళ్ల చెలకల్లోనే ఉన్నాయి. విత్తడానికి నేల పదును నాలుగు రోజుల కంటే ఆగదు. మూడు పొద్దులు కోడెను కాడికి కట్టాను. దేవుడి కోడె గనక దేవుడే దున్నుతున్నాడని నాకు నేనే పురాణం చెప్పుకున్నాను. విన్నదీ నేనే కాబట్టి ఎదురు ప్రశ్న రాలేదు.

ఆమె తిరిగొచ్చిన వారానికి జ్వరం కూడా తిరిగొచ్చింది. అప్పటిదాకా కోడెను చెలకలోనే కట్టేసి మేతా నీళ్లూ నేనే చూశాను.

"మొక్కు ఆలిస్యం జేసినమని రాజన్నకు కోపమొచ్చింది. బండి కట్టు" అంది.

పక్కింటివాళ్ల బండి అడిగి తెచ్చాను. వెనక కోడె నడిచింది. దారి పొడుగునా పిల్ల ఒళ్లు కాలుతూనే ఉంది.

"ఏం తప్పు జేసినమయ్యా మనం? నువ్వు సదువుకున్నోనివి, చెప్పు."

ఊరందరికీ అర్థం చెప్పిన నోటితో ఎడ్లను అదిలించాను.

వేములవాడలో కోడెకు నీళ్లు పోస్తున్న ఆమె చెయ్యి మూపురం ముందర ఆగింది. అక్కడ వెంట్రుకలు పోయి తోలు లేచిపోయి ఉంది.

"ఇదేంది?"

"ఈగలు కుట్టినయేమో."

గుడి నీడలో నిలబడి చెప్పాను ఆ మాట. ఆమె ఎడ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి. కాడి రాపిడి ఎట్లుంటుందో నా దగ్గర నేర్చుకోవాల్సిన పని లేదు. పగ్గం నా చేతిలో పెట్టింది.

"నాకు జెప్పకు. నీ గొంతు పెద్దది గదా, ఆయనకు ఇనబడేటట్టు జెప్పుకుంట తిప్పు."

పిల్లను భుజాన వేసుకుని నా వెనక నడిచింది. నా గొంతు గొణుగుడు దాటి పైకి లేవలేదు. మా ముందర ఇంకో కోడెను నడిపిస్తున్న ముసలామె వెనక్కి తిరిగింది.

"ఏం గొణుగుతున్నవ్ కొడుకా?"

"మొక్కిన కోడెతోని దున్నిన అవ్వా. మూడు పొద్దులు."

"ఓస్, గంతేనా? మాది రెండేండ్లు దున్నింది. మన బతుకు రాజన్నకు తెల్వదా? జర పక్కకు నడువు, తొక్కుతది."

ప్రాణం లేచొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వుతోనే వెనక్కి చూశాను. పిల్ల తల ఆమె భుజం మీంచి వేలాడుతోంది.

మర్నాడు ఇంటిదారిలో, బండిలోనే, పిల్ల పోయింది.

ఆ నెలలోనే మా ఊళ్లో అదే జ్వరానికి ఇంకో ఇద్దరు పిల్లలు పోయారు. ఆ ఇళ్లల్లో మొక్కూ లేదు, కోడే లేదు. అది నాకు ఊరట కావాలి. కాలేదు. నా తప్పుకే పోయిందంటే దేవుడు మరీ కఠినుడు. ఏ తప్పూ లేకుండానే పోయిందంటే పైన అడిగేవాడే లేడు. నేను మొదటిదాన్నే పట్టుకుని వేలాడాను. నేను పాపినైతేనన్నా నా బిడ్డ చావుకు ఒక కారణం ఉంటుంది.

పురాణానికి పిలవడానికి వచ్చినవాళ్లకు గొంతు పోయిందని చెప్పాను. అబద్ధాలాడీ ఆడీ చివరికి ఒక నిజం చెప్పినట్టయింది.

ఆ చెలకలో జొన్న ఆ ఏడు మనిషెత్తు పెరిగింది. నా భార్య ఆ జొన్నలు విసిరి రొట్టెలు చేసి నా ముందర పెట్టేది. తను మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్న మక్కజొన్నలతో గటక కాచుకునేది. ఒకనాడు ఉండబట్టలేక, "నువ్వూ జర తినరాదూ" అన్నాను.

"దున్నినోడే తినాలె" అంది.

ఆ జొన్నలు అయిపోయేదాకా, ఒక్క పూట వదలకుండా, తిన్నాను.