మామయ్య మూడో పన్ను

మా మామయ్య కుర్చీలకు డాక్టరు. సోఫాలకు గుడ్డ మార్చడం, కుంగిన స్ప్రింగులు లేపడం, ఊగే కాళ్లు బిగించడం ఆయన పని. మధ్యలో ఖాళీ దొరికితే ఎదుటివాళ్ల తెలివిని తూర్పారబట్టేవాడు. కుర్చీ కిర్రుమంటోందని ఎవరైనా పాపం కాలు మార్పించుకుని వస్తే మొహం మీదే నవ్వేవాడు.

"కాలేం చేసిందయ్యా? మోత ఒకచోట, జబ్బు ఇంకోచోట. కీలు చూడాలి, కీలు! కళ్లున్నది దేనికి, అద్దాలు పెట్టుకోడానికా?"

ఈ తిట్లన్నీ నోట్లో ఆరు మేకులు పెట్టుకునే తిట్టేవాడు. ఎడమవైపు దవడపళ్ల మధ్య వాటిని కరిచిపట్టి, నాలుకతో ఒక్కోటీ ముందుకు తోసి, తీసి కొట్టేవాడు. ముప్పై ఏళ్లుగా అదే వరస. నోరు తనకు మూడో చెయ్యని గొప్ప. "ఆ మేకులు లేకపోతే ఆ నోటికి పట్టపగ్గాలుండవు" అనేది అత్తయ్య.

ఒకరోజు ఆయన ఆవలిస్తుంటే ఎడమ చెవి ముందు టక్కుమంది. ఆ తర్వాత నొప్పి మొదలైంది. మహానుభావుడు చెవిపోటనుకుని నూనె పోసుకున్నాడు. తగ్గలేదు. పన్ను అనుకుని పీకించుకున్నాడు. తగ్గలేదు. అయితే పక్కదన్నాడు. "రాయిలా ఉందండీ, ఇదెందుకు?" అని పళ్లు పీకేవాడు మొత్తుకున్నా వినకుండా అదీ పీకించుకున్నాడు. అత్తయ్య ఆ రెంటినీ డబ్బాలో దాచింది. ఒక్క మచ్చ లేదు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా నోరు రెండు వేళ్ల కంటే ఎక్కువ తెరుచుకోవడం లేదు. అయినా ఆ సందులోంచే మేకులు దూర్చేవాడు మా మేధావి.

"రేపు మూడోది పీకించేస్తా" అన్నాడు ఓ సాయంత్రం.

మిగతావి ఎప్పుడో ఊడిపోగా, ఎడమవైపు నమలడానికి అదొక్కటే మిగిలింది. అత్తయ్య చెప్పింది, అరిచింది, చివరికి నావైపు తిరిగింది.

"ఒరేయ్, ఈయనకు మంచిమాటలు ఎక్కవు. నీకు చేతనైన వెధవపని ఏదైనా చెయ్యరా!"

ఇంత గౌరవంగా నన్నెవరూ పని అడగలేదు.

పొద్దున్నే మామయ్య చెప్పులేసుకుని బయటికొచ్చేసరికి, ఆయన ముద్దుల కుర్చీ వాకిట్లో బోర్లా పడి ఉంది. రెండు కాళ్లు పక్కన. రంపం మూడోదాని మీద.

"ఏం చేస్తున్నావురా దరిద్రుడా!"

"కిర్రుమంది మామయ్యా. ఒక కాలు కోశా, తగ్గలేదు. రెండోది కోశా, తగ్గలేదు. దొంగ ఇదేనేమో."

"మట్టిబుర్రా! మొదటిది కోసినా తగ్గనప్పుడే ఆగి కీలు చూడొద్దూ? గాడిదకైనా తడుతుంది కదరా!"

అత్తయ్య పళ్ల డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మామయ్య డబ్బా చూశాడు. కుర్చీ కాళ్లు చూశాడు. మెల్లగా చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచాడు. టక్.

పళ్లు పీకేవాడి దగ్గరికి కాకుండా ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరమ్మ రెండు చెవుల ముందూ వేళ్లు ఆనించి, నోరు తెరిపించి, మూయించింది. "పళ్లది తప్పేం లేదండీ. దవడ కీలు. ఏళ్ల తరబడి ఒకేవైపు కరిచిపట్టారు" అంది. కొన్నాళ్లు మెత్తటి తిండి, వేడి కాపడం, రోజూ మెల్లగా దవడ కదిపే కసరత్తు. ఆవలింతొస్తే గడ్డం కింద పిడికిలి. ఊరికే ఉన్నప్పుడు పెదాలు కలవొచ్చు గానీ పళ్లు కలవకూడదు. మేకులు మాత్రం జన్మలో వద్దు.

పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం ఊడదీసి, పట్టీకి కుట్టి, ఆయన ఎడమ మణికట్టుకు కట్టాను. మేకులిప్పుడు అక్కడ అతుక్కుంటాయి. రెండు నెలలకు నోట్లో మూడు వేళ్లు పట్టాయి. మూడో పన్ను దాని చోటులోనే ఉంది. మా ప్రశాంతతే పోయింది.

కుర్చీకి రెండు కాళ్లూ కొత్తవి వేశాడు. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ ఎడమ దవడలో ఖాళీ చూపిస్తూ పాఠం చెబుతాడు. "పన్నేం చేసిందయ్యా? కీలు చూడాలి, కీలు! నేనే కనిపెట్టా."

"మరి ఆ రెండూ పీకించుకున్న మట్టిబుర్ర ఎవరు మామయ్యా?" అంటాను.

నామీదికి సుత్తి ఎత్తుతాడు. అది టప్పున మణికట్టుకు అతుక్కుంటుంది.